సోషల్ అయివారి బిడ్డ రాసే జాబు

ఫిలడెల్ఫియా,
2026 ఫిబ్రవరి

నాయనకు, అమ్మకు నమస్కారాలు.

ఈడ మేము ముగ్గురం బాగుండాము. మీరూ, అవ్వా, తమ్ముడూ, మరదలూ, పాపా అందరూ బాగుండారని తలుస్తాను. ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడతానే ఉన్నా ఈ జాబు ఎందుకంటే, ఫోన్లో నాయనకు సగం మాట వినపడదు. మిగతా సగం అమ్మ చేతిలోంచి తమ్ముడి చేతికి, వాడి చేతిలోంచి పాప చేతికి పోయేలోపల టైము అయిపోతుంది. దీన్ని పెద్దక్షరాల్లో ప్రింటు తీసియ్యమని తమ్ముడికి చెప్పినాను. నాయనా, అద్దాలు పెట్టుకొని నువ్వే అమ్మకు చదివి వినిపించు. మధ్యలో ఒకచోట అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అయినా ఆపొద్దు, ఆఖరి దాకా చదువు.

అవ్వ మోకాలు ఎట్లుంది? తిరుపతి బర్డ్ ఎముకల ఆసుపత్రికి తీసుకుపోతామన్నారు, ఆ సంగతి మళ్లా ఎవురూ ఎత్తలేదు. చూపించి ఉంటే డాక్టరు రాసిన చీటీ ఫోటో పంపియ్యండి. చూపించకపోతే ఇంక వాయిదా వెయ్యొద్దు. అవ్వ 'నాకేం నొప్పి లేదు' అంటుంది, ఆ మాట నమ్మొద్దు.

సంక్రాంతికి పితికిపప్పు చేసినారని పాప ఫోటో పంపింది. ఆ గిన్నె చూసినాక నాకు మనసాగలేదు. ఈడ ఇండియన్ అంగట్లో అనపగింజలు గడ్డకట్టించిన పాకెట్లలో దొరుకుతాయి. తెచ్చి, నానబెట్టి, రాత్రి టీవీ ముందర కూర్చొని ముగ్గురమూ పితికినాము. చిన్నోడికి పితకడం భలే నచ్చింది, గింజ ఎగిరి సోఫా కిందికి పోతే వాడు దూరి వెతికేది. చెట్టునుంచి కోసిన కాయ వాసన యాడొస్తుంది గానీ, ధనియాలు, కొబ్బరి వేయించి నూరి, అమ్మ చేసినట్టే చేసినాను. రాగిసంగటి కెలికినాను. మీ అల్లుడు ఒక్క మాట మాట్లాడకుండా గిన్నె ఖాళీ చేసినాడు. ఆ రాత్రి ఇల్లంతా మన వంటింటి వాసన. నాకు కడుపు నిండింది, కొంచెం ఏడుపూ వచ్చింది. అది దిగులుతో వచ్చిన ఏడుపు కాదులే.

చదువు సంగతి తొందరగా చెప్పేస్తాను. టీచరు పనికని చదివే మాస్టర్స్‌లో తరగతులన్నీ డిసెంబరుతో అయిపోయినాయి. జనవరినుంచి స్టూడెంట్ టీచింగ్. మన బి.ఇడి.లో టీచింగ్ ప్రాక్టీసు ఉంటుంది కదా, అదే. కాకపోతే ఈ పెన్సిల్వేనియా రాష్ట్రంలో కనీసం 12 వారాలు పొద్దస్తమానం బడిలోనే ఉండాలని రూలు, నాది మే నెల మొదటి దాకా సాగుతుంది. నాకిచ్చింది ఎనిమిదో తరగతి, అమెరికా చరిత్ర. మొదట వెనక కూర్చొని చూడాల. తర్వాత ఒక పీరియడు, తర్వాత రెండు, ఇట్ల పెంచుకుంటా పోయి ఆఖరికి అన్ని పీరియడ్లూ నేనే చెప్పాల. నడమ నడమ యూనివర్సిటీ సూపర్వైజరు వచ్చి వెనక కూర్చొని రాసుకుంటాడు. ఇంటికొచ్చినాక పాఠ్యపథకాలు, పేపర్లు దిద్దడం. నిద్ర రవంత తక్కువే, తిండి బాగానే తింటా ఉండాను. అంతే.

ఇంక పెండ్లిలో జరిగిన మాట. పెదనాయన అన్నది అమ్మ నాకు చెప్పలేదు, పిన్నమ్మ చెప్పింది. అంత దూరం పోయి, అంత ఫీజు పోసి చదివేది బడిపంతులు పనికా, ఆ పనేదో ఈడనే డీఎస్సీ రాసుంటే వచ్చేది కదా అన్నాడంట. నాయన ఏమీ అనకుండా తలొంచుకొని భోంచేసినాడంట. నాయనా, పెదనాయన మీద నాకు కోపం లేదు, మనసులో ఏదో పెట్టుకొని మాట్లాడే మనిషి కాదాయన. నువ్వు తలొంచుకున్నావనేదే నాకు మింగుడు పడలేదు. ముప్పై ఏండ్లకు పైగా జిల్లా పరిషత్ బడుల్లో సోషల్ చెప్పినోడివి. బస్సులో కండక్టరు లేచి నీకు సీటిచ్చేది, బ్యాంకులో గాజు అవతలనుంచి 'సార్, గుర్తుపట్టినారా, ఫలానా బ్యాచి' అనేది నేను చిన్నప్పటినుంచి చూస్తానే పెరిగినాను. ఆ పనే నా బిడ్డ కూడా చేస్తా ఉంది అని చెప్పేదానికి నీకెందుకు నోరు రాలేదు?

డీఎస్సీ సంగతికొస్తే, పోయిన ఏడు మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేసినారు, చిన్నత్త కూతురికి ఉద్యోగం వచ్చింది. ఆ వార్త విని నేను ఈడ పాయసం చేసినాను. ఆడుంటే నేనూ రాసేదాన్నే. కానీ నా సంసారం ఈడ ఉంది, నేను చెయ్యగలిగిన పని ఈడనే చెయ్యాల.

మళ్లా ఎవురైనా అడిగితే ఇట్ల చెప్పు. మన ఎం.ఏ., బి.ఇడి.ని ఈడ నేరుగా ఒప్పుకోరు. నువ్వు ఎండలో ఎస్వీ యూనివర్సిటీకి తిరిగి తెచ్చి పంపిన సీలు కవర్లు ఉండాయే, వాటిని ఒక సంస్థ తెరిచి, ఒక్కొక్క పేపరు ఈడి లెక్కలో ఎన్ని క్రెడిట్లో (చదువును కొలిచే లెక్క అది) కట్టి ఇచ్చింది. దాన్ని చూపిస్తే మాస్టర్స్‌లో సీటు. బడిలో అడుగు పెట్టకముందే మూడు క్లియరెన్సులు తీసుకోవాల. రాష్ట్ర పోలీసులది ఒకటి, పిల్లల్ని హింసించినట్టు రికార్డు లేదని ఒకటి, వేలిముద్రలు తీసి ఎఫ్‌బీఐ ఇచ్చేది ఒకటి. టీబీ పరీక్ష వేరే. ఆ తర్వాత ప్రాక్సిస్ అనే పరీక్ష. అమెరికా చరిత్ర, ప్రపంచ చరిత్ర, పౌరశాస్త్రం, భూగోళం, అర్థశాస్త్రం, ఇవి చాలవన్నట్టు మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం కూడా ఒకే పరీక్షలో. భూగోళం నీ పుణ్యాన కళ్లు మూసుకొని దాటినాను. అంతర్యుద్ధం అయినాక బానిసత్వంనుంచి విడుదలైనవాళ్ల హక్కుల కోసం జరిగిన పోరాటం, ఆ కాలమంతా మాత్రం అక్షరాభ్యాసం నుంచి చదువుకున్నాను. అది చదివినాకే ఈ దేశం నాకు కొంచెం అర్థమైంది.

ఇంకొకటి. ప్రత్యేక అవసరాలుండే పిలకాయలకు ఎట్ల చెప్పాలో 9 క్రెడిట్లు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిలకాయలకు ఎట్ల చెప్పాలో 3 క్రెడిట్లు, సోషల్ టీచరైనా సరే చదవాల్సిందే. 1975లో వీళ్లు ఒక చట్టం చేసినారు. దాని ప్రకారం అట్లాంటి పిలకాయల్లో ఒక్కొక్కరికీ రాతలో ఒక పథకం ఉండాల, ఐఇపి అంటారు. నా క్లాసులో ఒక పిల్లోడు చదవడం శానా నిదానం. వాడికి పరీక్షలో ఎక్కువ టైము ఇయ్యాల, ప్రశ్న చదివి వినిపించాల. అది వాడి హక్కు, మన దయ మీద ఆధారపడేది కాదు. ఆ పథకం కాగితం మొదటిసారి చేతికొచ్చినప్పుడు నాకు నీ క్లాసులో చూపు సరిగా లేని పిల్లోడు గుర్తుకొచ్చినాడు. వాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు మీద రాసే ప్రతి ముక్కా పైకి చదువుతా రాసేవాడివి. అట్ల చెయ్యమని నీకు ఏ కాగితమూ ఎవురూ ఇయ్యలేదు.

ఇవన్నీ అయితే 7నుంచి 12 దాకా సోషల్ చెప్పే సర్టిఫికెట్ వస్తుంది. అదీ మొదటి మెట్టే. మూడేండ్లు పాఠం చెప్పి, డిగ్రీ పైన 24 క్రెడిట్లు చూపిస్తే రెండోది. ఆ పైన ఐదేండ్లకొకసారి 180 గంటల శిక్షణ. వేరే పని చేతగాక చేసే పని కాదని పెదనాయనకు నిదానంగా చెప్పు. జీతం మీ అల్లుడి జీతానికి సరిరాదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసే, నువ్వు చదువుకో, ఇంటి సంగతి నేను చూస్తాను అన్నాడు. పొద్దున్నే చిన్నోడికి డబ్బా కట్టేది, బస్సెక్కించేది ఆయనే.

అమ్మా, గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందని ప్రతిసారీ అడగొద్దు. వరసలో ఉండాము, మనవాళ్ల వరస పొడుగు. నాకు పని చేసుకునే కార్డు ఉంది, ఇప్పటికి అది చాలు. పోయిన సెమిస్టరులో పదకొండో తరగతికి పాఠాల వరస ఒకటి తయారుచెయ్యమంటే నేను భగత్ సింగ్ థింద్ కేసు తీసుకున్నాను. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో ఈ దేశం సైన్యంలో పనిచేసినాడు. అయినా 1923లో సుప్రీంకోర్టు, తెల్లవాడివి కాదు కాబట్టి నీకు పౌరసత్వం కుదరదని తీర్పు చెప్పింది. 1946లో గానీ చట్టం మారలేదు. మారినాక కూడా ఏడాదికి 100 మంది భారతీయులను మాత్రమే రానిస్తామన్నారు. ఆ పైన పదేండ్లకు, 1956లో, దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియానుంచి కాంగ్రెసుకే గెలిచినాడు. ఆ కాగితాలన్నీ చదివినాక మన వరస పొడుగని ఏడ్చేదానికి నాకు మనసొప్పలేదు.

నాయనా, ఇప్పుడు నీకు చెప్పాలని మొదటినుంచీ ఆపుకొని ఉన్న సంగతి. హైదర్ ఆలీ పాఠం!

మా ఊరి పక్కనే డెలావేర్ నది, అది పోయి కలిసేది డెలావేర్ అఖాతం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరిగేటప్పుడు, 1782 ఏప్రిల్ 8న, ఆ అఖాతంలో పెన్సిల్వేనియా ఓడ ఒకటి తనకంటే బలమైన ఇంగ్లీషు ఓడ 'జనరల్ మంక్'ను పట్టుకుంది. ఆ పెన్సిల్వేనియా ఓడ పేరేమో తెలుసా? 'హైదర్ ఆలీ'. కెప్టెన్ జాషువా బార్నీ. మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలో ప్రాణం విడిచిన హైదరాలీ, అదే మనిషి! ఈ సంగతి నేను లైబ్రరీలో చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడినాను. బడిలో నాకు దారి చూపించే మెంటర్ మేడం పుట్టి పెరిగింది ఈ అఖాతం ఒడ్డునే, ఆమెకూ తెలీదంట. పాఠం నువ్వే చెప్పు అనింది.

ఈడ పాఠం ఎట్లంటే, టీచరు జవాబు చెప్పకూడదు. ఒక ప్రశ్న పెట్టి, ఆ కాలం నాటి ఆధారాలు చేతికిచ్చి, వాళ్లచేతనే తేల్పించాల. నేను పెట్టిన ప్రశ్న ఇది: పెన్సిల్వేనియా వాళ్లు ఎప్పుడూ చూడని మైసూరు పాలకుడి పేరు తమ ఓడకు ఎందుకు పెట్టుకున్నారు?

మొదట మ్యాపు కావాల. అందరూ స్క్రీను మీద వేస్తారు. నేను మార్కరు తీసుకొని బోర్డు దగ్గరికి పోయినాను. నువ్వు ఎట్ల గీసేవాడివో అట్లే, కచ్ దగ్గర మొదలుపెట్టి, చెయ్యి ఎత్తకుండా పడమటి తీరం దిగి, కన్యాకుమారి దగ్గర తిప్పి, తూర్పు తీరం పట్టుకొని బెంగాల్ దాకా ఎక్కినాను. ఆఖర్న శ్రీలంకను బొట్టు పెట్టినట్టు పెట్టినాను. వెనక ఒక్క చప్పుడు లేదు. తిరిగి చూస్తే అందరూ బోర్డునే చూస్తా ఉండారు. 'చూడకుండా ఎట్ల గీసినావు' అని ఒక పిల్లోడు అడిగినాడు. మా నాయన నేర్పించినాడు, ఆయన కూడా సోషల్ టీచరే అన్నాను.

శ్రీరంగపట్నానికి ఒక చుక్క, చిత్తూరుకు ఒక చుక్క, మద్రాసుకు ఒకటి పెట్టి, తేదీల కాగితం పంచినాను. 1778లో ఫ్రాన్సు అమెరికా పక్క చేరడం, 1780లో పొల్లిలూరు దగ్గర హైదరు ఇంగ్లీషు సేనను దెబ్బతియ్యడం, 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఇంగ్లీషు సేన లొంగిపోవడం, 1782 ఏప్రిల్లో ఈ ఓడ, అదే ఏడు డిసెంబరు 7న హైదరు మరణం, 1783లో యుద్ధం ముగించిన పారిస్ సంధి. పిలకాయలు నలుగురు నలుగురుగా కూర్చొని గుసగుసలు. ఇంగ్లీషోళ్లు ఇద్దరికీ శత్రువులు కాబట్టి అని ఒక పిల్ల తొందరగానే పట్టేసింది. కానీ పాఠాన్ని నిలబెట్టింది వెనక కూర్చునే పిల్లోడు. వాడు గ్వాటెమాలానుంచి వచ్చి ఎక్కువ కాలం కాలేదు, ఇంగ్లీషు ఇంకా తడుముకుంటా మాట్లాడతాడు, క్లాసులో నోరు తెరవడు. వాడు చెయ్యెత్తి, ఫోన్లు లేవు కదా, అంత దూరం వార్త వీళ్లకు ఎట్ల తెలిసింది అని అడిగినాడు. నాయనా, ఇంత మంచి ప్రశ్న ఎం.ఏ.లో కూడా నేను వినలేదు. ఓడలు, ఓడల్లో వచ్చే ఉత్తరాలు, నెలలు దాటినాక పేపర్లో పడే వార్తలు, ఫ్రెంచివాళ్లు ఆడా ఈడా ఉండటం, వీటన్నిటి చుట్టూ మిగతా పీరియడంతా నడిచింది. గంట కొట్టినాక కూడా ఇద్దరు లేవలేదు. సూపర్వైజరు ఆ పొద్దు రాలేదు, ఎవురూ మార్కులు వెయ్యలేదు. నాకు ఆ లోటు ఏమీ అనిపించలేదు.

ఇప్పుడు అమ్మ అడిగిన దానికొస్తాను. టీవీలో బడిలో కాల్పుల వార్త చూసి ఆ రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు, మా బడిలో అట్లాంటివేమీ లేవమ్మా అని పెట్టేసినాను. ఆ జవాబు నీకు చాలదని నాకు తెలుసు. అందుకే ఈడ ఏముంటుందో ఉన్నదున్నట్టు రాస్తాను.

బళ్లలో దానికొక అభ్యాసం చేయిస్తారు, చట్టమే ఉంది. మైకులో చెప్పగానే తలుపుకు తాళం వేసి, లైటు ఆర్పి, కిటికీ తెర దించి, తలుపు అద్దంలోంచి కనపడని మూలకు అందరినీ చేర్చి నేల మీద కూర్చోబెట్టాల. మాట్లాడకూడదు. కొంచేపటికి బయటనుంచి ఎవరో వచ్చి తలుపు పిడి తిప్పి చూస్తారు, తాళం పడిందా లేదా అని. అది మనవాళ్లే అని అందరికీ తెలుసు. అయినా పిడి తిరిగినప్పుడు నా పక్కన కూర్చున్న పిల్ల నా స్వెటరు చెయ్యి గట్టిగా పట్టుకుంది. పదమూడేండ్ల పిల్ల, క్లాసులో అందరికంటే ఎక్కువ మాట్లాడేది. నేను ఆమె చెయ్యి మీద చెయ్యి వేసినాను. లైట్లు వేసినాక అందరూ లేచి పుస్తకాలు తెరిచినారు, ఆమె కూడా. ఆ పొద్దు ఇంటికొచ్చి నేను వంట చెయ్యలేదు.

భయం లేదని నీకు చెప్పనమ్మా. కానీ ఒకటి ఆలోచించు. మన చిన్నోడూ దినమూ ఒక బడికి పోతా ఉండాడు. నేను ఏ ఆఫీసులోనో కూర్చుంటే వాడికి భయం తగ్గుతుందా? వాడి క్లాసులో తలుపు వేసి, వాడి చెయ్యి మీద చెయ్యి వేసే టీచరమ్మ కూడా ఒక అమ్మ కన్న బిడ్డే. ఆమె ఆడ ఉండబట్టే నేను ఈడ పాఠం చెప్పగలుగుతా ఉండాను. నేనుండేది కూడా అట్లే ఎవరి బిడ్డలకో. ఇంక ఈ సంగతి మీద దిగులు పెట్టుకోవద్దు. పెట్టుకోవద్దంటే మానవు, తెలుసు. గోవిందుడికి దండం పెట్టుకో, నాతో మాత్రం ధైర్యంగా మాట్లాడు.

చిన్నోడు తెలుగు చదవడం మొదలుపెట్టినాడు. గుణింతాల్లో తంటాలు పడతా ఉండాడు. పాపను వాడితో తెలుగులోనే మాట్లాడమని చెప్పండి, ఇంగ్లీషుకు ఎగబడొద్దని.

నాయనా, ఆధారాలు చూపించి ప్రశ్న అడిగే ఈ పద్ధతి మీద మాకు ఒక కోర్సంతా నడిపినారు. నేను దాన్ని మొదటిసారి చూసింది చంద్రగిరి కోటలో. మీ తొమ్మిదో తరగతితో పాటు నన్నూ తీసుకుపోయినావు. రాజమహల్ ముందర నిలబెట్టి, ఇంత పెద్ద కట్టడంలో కట్టె యాడ వాడినారో కనుక్కున్నోళ్లకు బొరుగులుండ అన్నావు. అందరం మేడ ఎక్కి దిగి, తలుపులు, పైకప్పు, మెట్ల కింద, అన్నీ వెతికినాము. యాడా లేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. మరి దూలం లేకుండా పైకప్పు ఎట్ల నిలబడింది అని అడిగి, జవాబు చెప్పకుండానే అందరికీ బొరుగులుండలు పంచేసినావు. ఆ తర్వాత మెట్ల మీద కూర్చోబెట్టి, 1639లో ఈస్టిండియా కంపెనీవాడు ఫ్రాన్సిస్ డే మద్రాసులో కోటకు స్థలం సంపాదించింది ఈ చంద్రగిరి రాయల కింది నాయకుడి దగ్గరే అని చెప్పినావు. కమానులు బరువును పక్కలకు ఎట్ల దించుతాయో నేను తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాను. ప్రశ్న మాత్రం అంతవరకూ నాతోనే ఉండింది. ఈ సంగతి సెమినార్‌లో చెబితే ప్రొఫెసరు నీ పేరు అడిగి రాసుకున్నాడు. పెదనాయనకు ఇది కూడా చెప్పు.

మే నెలలో గంగమ్మ జాతరకు రాలేను. టీచింగ్ అప్పటికి అయిపోయినా, ఈడ బళ్లు టీచర్లను తీసుకునేది ఎండాకాలం ముందరే. ఇంటర్వ్యూలుంటాయి, చిన్నోడి బడి జూన్ దాకా ఉంటుంది. తమ్ముడు ఈసారి మాతంగి వేషం కడతాడంట కదా, వీడియో తియ్యమనండి. అమ్మా, నా పేరు చెప్పి అమ్మవారికి పొంగలి పెట్టు. ఉద్యోగం చేతికొస్తే జూలైలో టికెట్లు చూస్తాము. ఇప్పుడే ఎవురికీ చెప్పొద్దు. ఊరగాయ పార్సిల్ కూడా పంపొద్దు, వచ్చినప్పుడు నేనే తెచ్చుకుంటాను.

నాయనా, నీకొక పని. పిలకాయలు అడిగినారు, హైదరు చనిపోయిన ఊరు ఇప్పుడు ఎట్లుందని. నేను ఎప్పుడూ పోలేదు. తమ్ముడికి సెలవున్న దినం చూసుకొని ఇద్దరూ నరసింగరాయనిపేటకు పోయి, ఆడ ఏముందో, ఊరోళ్లు ఏం చెప్పుకుంటారో చూసి నాలుగు ఫోటోలు తీసి పంపియ్యండి. ఆయన సంగతి ఏమీ మిగల్లేదని ఊరోళ్లు చెప్తే అదే రాసి పంపు, అదీ పిలకాయలకు పనికొచ్చేదే. 1780 నాటి దక్షిణ దేశం మ్యాపు ఒకటి నీ చేత్తో చార్టు మీద గీసి, దాని ఫోటో కూడా పంపు. మైసూరు, ఆర్కాటు నవాబు, కంపెనీ, నిజాము, మరాఠాలు, అన్నిటికీ రంగులు వేరే వేరే పెట్టు. మార్చి రెండో వారంలోపల కావాల. ఎండలు ముదరకముందే పొద్దున్నే బయలుదేరండి, నీళ్లబాటిలు, బీపీ మాత్ర మర్చిపోవద్దు, మధ్యాహ్నం చిత్తూరులో భోంచేసి రండి. పోయే దినం ముందే నాకు చెప్పు, పిలకాయలు అడగాలనుకునే ప్రశ్నలు రాసి పంపిస్తాను.

మీ బిడ్డ